నొక్కిన స్ప్రింగు: పిస్తోలు కూర్పులో ఒక చిన్న ఘట్టము

తూటాలు తీసివేసిన పిస్తోలు వలన ఇక ఏ ప్రమాదమును లేదని లోకము తలచును. ఆ తలంపు ముప్పాతిక భాగము నిజము. మిగిలిన పాతిక భాగమును గూర్చియే మా నేటి ప్రసంగము. తూటా లేకపోయినను, మందు లేకపోయినను, పిస్తోలు కడుపులో ఎవరో ఎప్పుడో చేసి దాచిపెట్టిన పని కొంత మిగిలియే యుండును. అది గొట్టము క్రింద చుట్టలు చుట్టుకొని కూర్చున్న ఉక్కు స్ప్రింగు. పిస్తోలును శుభ్రము చేయుటకై విప్పునప్పుడును, మరల కూర్చునప్పుడును ఆ స్ప్రింగు ఒకసారి చేతిలోనికి వచ్చి, ఒకసారి చేతిలోనుండి పోవలెను. ఆ రాకపోకలలో కన్ను పోగొట్టుకొనుటకు అర నిమిషము చాలును.

పిస్తోలు గల ఇండ్లు మన శ్రోతలలో ఎన్ని యుండునని కొందరు అడుగవచ్చును. ఎక్కువ లేవు, లేకుండుటయే మంచిది. అయినను సైన్యములో పనిచేసి వచ్చినవారు, పోలీసు ఉద్యోగుల కుటుంబములు, లైసెన్సు పొంది ఆయుధముంచుకొన్న రైతులు, గురి పోటీలలో పాల్గొను యువతీయువకులు మనలో నున్నారు. పిస్తోలును కంటితో చూడనివారికిని స్ప్రింగుతో పరిచయము తప్పదు. బాల్ పెన్ను విప్పిన పిల్లవాడు మంచము క్రింద దేనికొరకు వెదకుచుండునో ప్రతి తల్లికిని తెలియును. పాత రేడియో సెట్లలో ముల్లును నడుపు దారమును బిగించియుంచునది ఒక చిన్న స్ప్రింగు. దారము తెగినప్పుడు దానిని మరల తగిలింప బూనినవారికి దాని స్వభావము కొంత అనుభవమే. గోడగడియారములోను, తాళముచెవి త్రిప్పి పాడించు గ్రామఫోనులోను ఉండు స్ప్రింగు మరింత బలమైనది. అది పట్టీవలె నుండి, ఒక డబ్బాలో చుట్టబడి యుండును. ఆ డబ్బా మూతను ఊరక విప్పినవాని చేతివ్రేళ్లను అది కోయగలదు. వీటన్నిటికిని మూలసూత్రము ఒక్కటే. దానిని పిస్తోలులో చూపుట ఎక్కువ సుకరము. ఏలయన అందులో స్ప్రింగు, దానిని ఆపు గోడలు, దానిని నొక్కు చేయి, మూడును కంటికి కనబడును.

మొదట స్ప్రింగు చేయునదేమో చూతము. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ స్ప్రింగును గూర్చి తాను కనుగొన్న నియమమును 1676లో అక్షరములు తారుమారు చేసి ఒక చిక్కుముడిగా ప్రకటించి, రెండేండ్ల పిమ్మట 1678లో దాని అర్థమును విప్పి చెప్పెను. ఎంత దూరము నొక్కినచో అంతకు తగిన బలముతో స్ప్రింగు ఎదురుత్రోయును. రెట్టింపు నొక్కినచో రెట్టింపు బలము. అనగా నొక్కుట మొదలిడినప్పుడు మెత్తగా తోచిన స్ప్రింగు చివర చివరకు మొండికెత్తును. నొక్కువాడు అలసిన వేళకే అది బలము పుంజుకొనును. ప్రమాదములన్నియు కడపటి అంగుళములో జరుగుటకు ఇదియే కారణము.

దీని పరిమాణమును లెక్కలో చూడవచ్చును. మనము ఉదాహరణగా తీసికొనబోవు పిస్తోలులోని స్ప్రింగు చేతిలో స్వేచ్ఛగా నున్నప్పుడు సుమారు 16 సెంటీమీటర్ల పొడవుండును. పిస్తోలులో కూర్చిన పిమ్మట దానికి దొరకు చోటు సుమారు 9 సెంటీమీటర్లు. కూర్చువాడు దానిని ఇంచుమించు 7 సెంటీమీటర్లు కుదింపవలెను. చివరకు అది 4 కిలోల బరువుతో సమానమైన బలముతో బొటనవ్రేలిని త్రోయుచుండును. సున్నతో మొదలై నాలుగుతో ముగిసినది గనుక సగటున రెండు కిలోలనుకొందము. 2 కిలోలను 7 సెంటీమీటర్లు త్రోసిన పని 140 గ్రాముల బరువును 1 మీటరు ఎత్తునకు లేపిన పనికి సమానము. ఇది పెద్ద పని కాదు. ఒక మామిడిపిందెను బల్లమీదకి లేపినట్లే. కాని ఆ పనియంతయు 10 గ్రాముల తూకము గల ఒక ఉక్కుముక్క పాలబడినచో, గాలి అడ్డును లెక్కింపకున్న, అది 14 మీటర్ల ఎత్తునకు ఎగురగలదు. మూడంతస్తుల మేడను దాటు ఆ ముక్క కంటికి జానెడు దూరమున నున్నదని ఊహించుకొన్నచో తక్కిన సంగతి చెప్పనక్కరలేదు.

ఇక పిస్తోలు. మేము ఎన్నుకొన్నది అమెరికా సైన్యము 1911 మార్చి 29న స్వీకరించిన కోల్టు పిస్తోలు. దానిని ఆ సంవత్సరము పేరుతోనే 1911 అని పిలుతురు. 1985లో మరియొక పిస్తోలు దాని స్థానమును ఆక్రమించువరకు అది ఆ సైన్యపు ప్రామాణికాయుధముగా నుండెను; నేటికిని అనేక కర్మాగారములలో తయారగుచున్నది. దానిని రూపొందించినవాడు జాన్ మోజెస్ బ్రౌనింగు. 1855లో యూటా రాష్ట్రమందలి ఆగ్డెన్ పట్టణమున పుట్టి, తుపాకులు చేయు తండ్రి దుకాణములో పని నేర్చి, 1926లో బెల్జియమునందలి లియేజి నగరమున, తుపాకుల కర్మాగారములోనే ప్రాణము విడిచిన శిల్పి. శిల్పి యను మాట తెలిసియే వాడుచున్నాము. ఈ పిస్తోలును శుభ్రపరచుటకు కావలసినంత మేర విప్పుటకు వేరొక పనిముట్టు అక్కరలేదు, చేతివ్రేళ్లు చాలును. యుద్ధభూమిలో సైనికునికి ఇది వరము. కాని ఆ వరములోనే మన చిక్కు ఉన్నది. పనిముట్టు పట్టవలసిన చోట వ్రేలు పట్టుచున్నది గనుక, పనిముట్టు జారిన చోట వ్రేలే జారును.

స్ప్రింగు అక్కడ ఎందుకున్నది? తూటా పేలినప్పుడు గుండు ముందునకు పోవును, స్లయిడు వెనుకకు వచ్చును. స్లయిడనగా గొట్టముపై తొడుగువలె నుండి, చట్రముపై గాడులలో జారు పై భాగము. మొదట గొట్టము, స్లయిడు ఒకదానితో నొకటి బిగిసి కలిసియే కొంచెము దూరము వెనుకకు నడచును. అంతలో గొట్టము క్రిందనున్న లంకె దాని వెనుక కొసను దించగా బిగువు విడిపోవును. స్లయిడు ఒంటరిగా వెనుకకు సాగి, కాలిపోయిన తొడుగును బయటకు విసరి, సుత్తిని వెనుకకు వంచి, ఈ త్రోవలో స్ప్రింగును పూర్తిగా నొక్కివేయును. పిమ్మట స్ప్రింగు తన వంతుగా స్లయిడును ముందునకు నెట్టి, క్రొత్త తూటాను గదిలోనికి చేర్చి, ద్వారమును మూసివేయును. స్లయిడు పూర్తిగా వెనుకనున్నప్పుడు దాని బలము సుమారు 16 పౌన్లు, అనగా 7 కిలోలకు కొంచెము ఎక్కువ. అందుచేతనే దీనిని వాడుకలో పదునారు పౌన్ల స్ప్రింగందురు.

ఇప్పుడు దానిని ఆపు గోడలను చూడవలెను. వెనుక గోడ గైడు అను చిన్న కడ్డీ. దానికి వెడల్పయిన తల యుండును. స్ప్రింగు వెనుక కొస ఆ కడ్డీపైకి ఎక్కి ఆ తలకు ఆనియుండును. ముందు గోడ ప్లగ్గు. అది ఒక ప్రక్క మూసియున్న చిన్న ఉక్కుగొట్టము. దర్జీవారి వ్రేలితొడుగును పొడిగించినట్లుండును. స్ప్రింగు ముందు కొస దానిలో దూరియుండును. ఈ ప్లగ్గును ముందునకు పోకుండ ఆపునది బుషింగు. తుపాకి మూతిచుట్టు కంకణమువలె నుండి, గొట్టమును స్లయిడులో నిలుపు ఆ బుషింగునకు క్రిందివైపు ఒక పెదవి యున్నది. ఆ పెదవి ప్లగ్గునకు అడ్డుగా నిలుచును. బుషింగును పావుచుట్టు ఒక ప్రక్కకు త్రిప్పినచో పెదవి తొలగిపోవును, ప్లగ్గు బయటపడును. మరల త్రిప్పినచో ద్వారము మూతపడును. నాలుగు కిలోల బలమునకు తలుపు, గడియ రెండును ఆ పెదవియే.

విప్పునప్పుడు ఈ బిగువును మొట్టమొదట తీసివేయుదురు. కూర్చునప్పుడు కట్టకడపట పెట్టుదురు. ఈ వరుసలో గొప్ప వివేకమున్నది. గొట్టము, లంకె, గైడు, స్లయిడు, అన్నిటిని కలిపి బిగించు అడ్డుచీల, ఇవన్నియు తమ తమ చోట్లకు చేరువరకు స్ప్రింగు వదులుగా, నిద్రలో నున్నట్లుండును. దాని కొస మూతి క్రింది రంధ్రములోనుండి కొన్ని అంగుళములు వెలికి వ్రేలాడుచుండును. తక్కిన భాగములలో పొరపాటు జరిగినదేమో చూచుకొనుటకు, విప్పి మరల పెట్టుకొనుటకు అప్పటివరకు వ్యవధి యున్నది. త్వరపడి మొదటనే స్ప్రింగును నొక్కిపెట్టి తక్కిన వానిని తరువాత సర్దుదమనుకొనువారు నిద్రించు పులి ప్రక్క పక్క పరచుకొన్నవారితో సమానులు.

పని ఆరంభింపకముందు చేయవలసినవి కొన్ని కలవు. తూటాల పెట్టెను తీసివేసి, స్లయిడును వెనుకకు లాగి, గొట్టము వెనుకనున్న తూటా గదిని కంటితో చూచి, చిటికెనవ్రేలితో తడిమి, అది ఖాళీయని నిశ్చయించుకొనుట విప్పుటకు ముందే జరిగియుండవలెను. కూర్పు సమయమున మరల చూచుకొనవలెను. ఒకసారి చూచినదానిని రెండవసారి చూచుట అనవసరమని తోచునేమో. కాని ఈ పిస్తోలులో స్ప్రింగును నొక్కు బొటనవ్రేలు సరిగా మూతి క్రిందనే, దానికి అరంగుళము దూరమున నుండును. ఆ స్థానమున వ్రేలుంచబోవువాడు ఎన్నిమార్లు చూచుకొన్నను అధికము కాదు. తూటాలను అదే బల్లమీద ఉంచరాదు. వేరొక గదిలో పెట్టి తలుపు వేయవలెను. పిల్లలను దగ్గర నుంచుకొనరాదు. వారికి ఇది ఎంతో ఆసక్తికరమైన దృశ్యము గనుకనే మరింత జాగ్రత్త కావలెను.

కంటికి అద్దములు కావలెను. చదువుకొను కళ్లజోడు కొంత నయమే గాని చాలదు. ప్రక్కలు కూడ మూసియుండు రక్షణ కళ్లద్దములు ఇనుపసామగ్రి అంగళ్లలో తేలికగా దొరకును. బల్లమీద మందమైన తెల్లని గుడ్డ పరచుకొన్నచో రాలిన ముక్క కనబడును, దొరలిపోదు. ఇంకొక ఉపాయము కలదు. పెద్దదైన పారదర్శకపు ప్లాస్టిక్ సంచిలో పిస్తోలునుంచి, చేతులు రెండును ఆ సంచిలోనే పెట్టి ఈ కడపటి ఘట్టమును నడుపుట. చూచువారికి నవ్వు పుట్టింపవచ్చును గాని, స్ప్రింగు తప్పించుకొన్నను సంచి గోడను తగిలి ఆగిపోవును. మాకు ఈ ఉపాయము చాల నచ్చినది.

మరియొక సంగతిని ఎక్కువమంది మరతురు. నూనె. శుభ్రము చేసిన ఉత్సాహములో అన్నిటికిని నూనె పూసి, అదే చేతితో ప్లగ్గును నొక్కబోవుదురు. నూనె పూసిన ఉక్కుపై నూనె పూసిన వ్రేలు నిలుచునా? ప్లగ్గు ముఖమును, బొటనవ్రేలిని పొడిగుడ్డతో తుడుచుకొనవలెను. నూనె చుక్క వేయదలచినచో కూర్పు ముగిసిన పిమ్మట వేయవచ్చును. వ్రేలు నొప్పి పుట్టకుండ మడిచిన చిన్న గుడ్డముక్కను మధ్య నుంచుకొనుట మంచిది.

స్ప్రింగుకు రెండు కొసలును ఒకే రీతిగా కనబడునుగాని, మంచి స్ప్రింగులలో ఒక కొస చుట్టు కొంచెము బిగువుగా నుండును. ఆ కొస గైడుపైకి పోవలెను. అది కడ్డీని పట్టుకొని నిలుచును గనుక స్ప్రింగు ఊరక జారిపోదు. రెండవ కొస ప్లగ్గులోనికి. కొన్ని ప్లగ్గులలో లోపలివైపు చిన్న మొటిమ వంటిది యుండును. ప్లగ్గును మరచుట్టువలె త్రిప్పుచు ఎక్కించినచో స్ప్రింగు చుట్టు ఆ మొటిమకు తగుల్కొనును. అప్పుడు చేయి జారినను ప్లగ్గు స్ప్రింగును విడిచి ఒంటరిగా ఎగిరిపోదు. రవ్వంత లోహముతో ఎంత గండము గడచుచున్నదో చూడుడు. ఇట్టి ఏర్పాటున్న ప్లగ్గును త్రిప్పక నేరుగా గ్రుచ్చివేయుట చేతికందిన రక్షణను వదలుకొనుటయే.

ఇక నొక్కుట. పిస్తోలు పిడిని గుడ్డపై ఆనించి, మూతి పైకి ఉండునట్లు పట్టుకొనుట వాడుక. బలము పెట్టుటకు అది అనుకూలమే. కాని మనిషి సహజముగా ముందుకు వంగి, తాను చేయుచున్నదానిని పైనుండి చూచును. అనగా స్ప్రింగు ఎగురు దారిలో సరిగా ముఖముంచును. కావున మూతిని తననుండి అవతలికి, ఎవరును లేని గోడవైపునకు వంచి పట్టుకొని, తాను ప్రక్కనుండి చూడవలెను. స్ప్రింగు తాను చుట్టబడిన నడుమ గీత వెంటనే పోవును. ప్రక్కకు పోవుట అరుదు. ఆ గీతలో ముఖము లేకున్నచో సగము భయము తీరినట్లే. ఆ గీతలో ఇతరుల ముఖములు కూడ ఉండరాదు. సాయము చేయుదమని వచ్చిన మిత్రుడు ఎదుట నిలుచుట మేలు కాదు.

నొక్కునప్పుడు పొడవైన స్ప్రింగు మరియొక తంత్రము చేయును. ఎండిన వెదురుబద్దను రెండు కొసల పట్టి నొక్కినచో నడుమ ఏదో ఒక ప్రక్కకు వంగును గదా. వెనుక కొస గైడుపై నున్నది, ముందు కొస ప్లగ్గులో నున్నది. నడుమ భాగమునకు లోపల ఏ ఆధారమును లేదు. స్లయిడులోనికి పోయినంత మేర స్లయిడే దానిని తిన్నగా నిలుపును. బయట మిగిలిన భాగము మాత్రము పాముపిల్లవలె మెలి తిరుగ జూచును. అది వంగిన క్షణమున నొక్కు బలము ప్రక్కకు మరలి ప్లగ్గు వ్రేలి క్రిందనుండి జారిపోవును. మేము విన్న ప్రమాదములలో ఎక్కువ ఇట్లే జరిగినవి. చాలినంత బలము లేక జరిగినది అరుదు. అందుచేత ఒక్క ఊపులో నొక్కక, ఒక చేతి వ్రేళ్లతో చుట్లను తిన్నగా పట్టుకొని రంధ్రములోనికి నడిపించుచు, రెండవ చేతి బొటనవ్రేలితో ప్లగ్గును కొంచెము కొంచెముగా వెంట నడుపవలెను. ప్లగ్గు అంచు రంధ్రములో ప్రవేశించినంతనే సగము గెలిచినట్లు. అటుపై స్లయిడే దానిని తిన్నగా నిలుపును. వ్రేలు చేయవలసినది నేరుగా నొక్కుట మాత్రమే.

ఈ స్ప్రింగును ఆ మూల నుండి ఈ మూల వరకు నిలుపునట్లు పొడవాటి గైడుకడ్డీలను కొందరు అమర్చుదురు. వంకర పోకుండుటకు అవి పనికివచ్చునుగాని, వానిలో కొన్నిటిని విప్పుటకు ప్రత్యేకమైన పనిముట్టు కావలెను. వ్రేళ్లతో విప్పుటకై బ్రౌనింగు పడిన శ్రమను అట్లు పాడుచేయుట మాకంత రుచింపలేదు.

కష్టమైన క్షణము ఇంకను రాలేదు. ప్లగ్గు ముఖము బుషింగు పెదవికంటె రవంత లోపలికి దిగినప్పుడు, నొక్కు చేయి నొక్కుచునే యుండగా, రెండవ చేయి బుషింగును త్రిప్పవలెను. స్ప్రింగు అప్పుడు తన నాలుగు కిలోలతో వ్రేలిని నెట్టుచుండును. పెదవికిని, రంధ్రమునకును నడుమ వ్రేలి చర్మము చిక్కుట కద్దు. చిక్కినప్పుడు మనిషి స్వభావముచే చేయి వెనుకకు తీసికొనును. తీసికొన్నంతనే ప్లగ్గు ఎగురును. దీనికి విరుగుడు వ్రేలి కొసతోగాక వ్రేలి మెత్తని భాగముతో, ప్లగ్గు ముఖమునకు ఒక అంచున నొక్కుట. పెదవి మొదట ఎదుటి అంచుపైకి వచ్చును. అది ప్లగ్గును పట్టుకొన్న పిమ్మట, బలమును ఒక్కసారిగా విడువక మెల్లగా తగ్గించుచు, పెదవి భారమును వహించుచున్నదా లేదా అని చూచుచు వ్రేలిని తొలగింపవలెను. ఆ పిమ్మట బుషింగును నడిమికి, దాని చోటికి, పూర్తిగా త్రిప్పవలెను. సగములో విడిచినచో మొదటి లాగుటలోనే అది తొలగిపోవచ్చును.

నొక్కుట నడుమ చేయి అలసినచో మొండిపట్టు పట్టరాదు. వ్రేలిని ప్లగ్గుపైననే ఉంచి, వచ్చిన త్రోవనే మెల్లగా వెనుకకు నడచి, స్ప్రింగును పూర్తిగా వదులు చేసి, చేతులు దులుపుకొని, మరల మొదలిడవచ్చును. స్ప్రింగునకు కోపము లేదు, తొందర లేదు. ఇచ్చిన పనిని ఇచ్చినంత నెమ్మదిగా తిరిగి పుచ్చుకొన్నచో అది పెంపుడుజంతువు వంటిదే.

ఎంత జాగ్రత్తపడినను ప్లగ్గు ఎగిరిపోయినదనుకొందము. వెంటనే దానివెంట పరుగెత్తక ముందు పిస్తోలును క్రింద ఉంచి, కన్ను, వ్రేళ్లు చూచుకొనవలెను. కంటికి దెబ్బ తగిలినచో నలుపరాదు, నీళ్లతో ఒత్తి కడుగరాదు. నొక్కుడు పడకుండ ఒక గిన్నె వంటిదానిని పైన అడ్డముంచి వైద్యునికడకు పోవలెను. నొప్పి తగ్గినదని ఇంటనే యుండుట తగదు; కంటి లోపలి గాయము పైకి కనబడకపోవచ్చును. దెబ్బ లేదని నిశ్చయమైన పిమ్మట ప్లగ్గును వెదకవచ్చును. స్ప్రింగు వంగినదేమో చూచుటకు దానిని అద్దముపై దొరలించినచో తెలియును. తిన్ననిదైనచో సాఫీగా దొరలును. వంగినదానిని చేతితో సరిచేసి వాడుట తగదు.

మన దేశపు సైన్యములో వాడుకలోనున్న 9 మిల్లీమీటర్ల పిస్తోలు ఈ బుషింగు చిక్కును మరియొక విధముగా తీర్చినది. అది పశ్చిమ బెంగాలులోని ఈషాపూరు రైఫిలు కర్మాగారమున తయారైనది. దాని మూలరూపమును బ్రౌనింగే మొదలిడెను. ఆయన మరణానంతరము బెల్జియము దేశీయుడు సైవ్ దానిని పూర్తిచేయగా 1935లో అది వెలువడినది. అందులో ప్లగ్గు లేదు, త్రిప్పవలసిన పెదవి లేదు. స్ప్రింగు తన కడ్డీతో సహా ముందు స్లయిడుకును, వెనుక గొట్టము క్రింది ముక్కుకును నడుమ ఇమిడియుండును. స్లయిడును బోర్ల త్రిప్పి పెట్టుకొని దానిని చోటికి దించవలెను. అక్కడ కుదింపవలసిన దూరము చాల తక్కువ. అయినను కడ్డీ తల గొట్టపు ముక్కుపై సరిగా కూర్చుండకున్నచో పైకి, అనగా సరిగా వంగి చూచువాని ముఖమువైపునకే, చిమ్మును. అరచేతిని పైన కప్పియుంచి దించుట అలవాటు చేసికొన్నచో చాలును. ఇరువదియవ శతాబ్దపు చివరి కాలమునుండి అనేక పిస్తోళ్లలో స్ప్రింగును కర్మాగారములోనే కడ్డీపై నొక్కి, రెండు కొసలను మూసి, ఒకే వస్తువుగా అందించుచున్నారు. వాడుకదారుని చేతిలో నొక్కవలసిన పని ఇంచుమించు లేదు. అట్టి దానిని కుతూహలముచే విప్పబోవుట మాత్రము మొదటి ప్రమాదమునకు తిరిగిపోవుటయే.

1911 పిస్తోలులోనే పిడి వెనుక భాగమున సుత్తిని నడుపు స్ప్రింగు మరియొకటి కలదు. అది పొట్టిదిగాని మనము చెప్పిన దానికంటె గట్టిది. ఒక చిన్న చీలతో బంధింపబడి యుండును. మామూలుగా శుభ్రము చేయుటకు దానిని కదపనక్కరలేదు. దానిని విప్పి కూర్చుటకు పట్టుకారు, తగిన కడ్డీ, అన్నిటికంటె మించి అభ్యాసము కావలెను. అది లైసెన్సు గల తుపాకుల మరమ్మతుదారుని పని. 1959 నాటి ఆయుధముల చట్టము ప్రకారము ఆయుధముంచుకొనుటకు మాత్రమే కాదు, దానిని వృత్తిగా మరమ్మతు చేయుటకును లైసెన్సు కావలెనని ఇక్కడ గుర్తుచేయుచున్నాము. పరిచయస్థుడైన సైకిలు మేస్త్రీ ఎంత నేర్పరియైనను అతనికడకు కొనిపోరాదు.

కూర్పు ముగిసిన పిమ్మట పరీక్ష. ప్లగ్గు ముఖము బుషింగు పెదవి వెనుక సమముగా నిలిచినదా, పెదవి నడిమికి వచ్చినదా అని చూడవలెను. మూతిని గోడవైపుననే యుంచి, స్లయిడును పూర్తిగా వెనుకకు లాగి విడువవలెను. అది ఎక్కడను తడబడక, ఒక్క ధ్వనితో పూర్తిగా ముందునకు రావలెను. పిమ్మట కొంచెము మాత్రము, అనగా అంగుళములో పావు భాగము, వెనుకకు లాగి మెల్లగా వదలిచూడవలెను. అక్కడనుండియు తనంతట తాను ముందునకు పోయి మూసికొన్నచో స్ప్రింగులో బలమున్నదని అర్థము. నడుమ నిలిచిపోయినచో స్ప్రింగు వంకర పోయి యుండవచ్చును, లేదా అనేక సంవత్సరములు పనిచేసి పొట్టిదై యుండవచ్చును. అప్పుడు మరల విప్పి, క్రొత్త స్ప్రింగు ప్రక్కన పెట్టి పొడవు పోల్చి చూచినచో సంగతి తేలును. అన్నియు సరిగా నున్నప్పుడు ఒక చుక్క నూనె గాడులలో వేసి, పైకి కారినదానిని తుడిచి, పిస్తోలును దాని పెట్టెలో పెట్టి తాళము వేయవలెను. తూటాలున్న గది తలుపును ఆ పిమ్మట తెరువవచ్చును.